హైదరాబాదులో వెతుకులాట

పిల్లలూ! పొడుపు కథలు మీకందరికీ తెలిసినవే. రాత్రి భోజనాలైన తరువాత అమ్మమ్మో, నాయనమ్మో ఒక కథ పొడిస్తే, దాన్ని విప్పటానికి ఇంటిల్లిపాదీ తలలు గోక్కుంటారు. జవాబు తెలిసిన తరువాత, “ఓస్, ఇంతేనా!” అని నవ్వుకుంటారు.

ఈ పొడుపు కథలను కూర్చున్నచోటనే విప్పవచ్చు. అట్లా కాక, జవాబు ఊళ్ళో ఎక్కడో ఉన్నది, కాళ్ళతో నడిచి, కళ్ళతో చూస్తేగాని తెలియదు అన్నారనుకోండి. అప్పుడు అది వెతుకులాట అవుతుంది. ఇటువంటి ఆటలు ఇప్పుడు స్మార్ట్‌ఫోను సాయంతో ఎన్నో దేశాలలో ఆడుతున్నారు. ఫోనులో ఒక పొడుపు కథ వస్తుంది. దాన్ని విప్పి, ఆ చోటికి నడిచి వెళ్ళాలి. మనము సరియైన చోటికి చేరుకున్న సంగతి ఫోనుకు తెలుస్తుంది. వెంటనే అది ఒక ప్రశ్న అడుగుతుంది. చుట్టూ పరికించి చూచి జవాబు చెబితే, తరువాతి పొడుపు కథ బయటికి వస్తుంది. వెంట దారి చూపే మనిషి ఎవరూ ఉండరు. మన ఇష్టం వచ్చినప్పుడు మొదలు పెట్టవచ్చును, అలిసిపోతే ఒక చెట్టు నీడన కూర్చోవచ్చును.

ఈ ఆటకు దగ్గర చుట్టం ఒకటి 2000వ సంవత్సరంలో పుట్టింది. ఆకాశంలో తిరిగే ఉపగ్రహాల వల్ల మనమున్న చోటు తెలుసుకునే ఏర్పాటును జి.పి.ఎస్. అంటారు. ఇది అమెరికా ప్రభుత్వానిది. మామూలు జనానికి మరీ ఖచ్చితంగా తెలియకూడదని, ఆ ప్రభుత్వము అంతవరకు కావాలనే అందులో కొంత తప్పు కలుపుతూ వచ్చింది. 2000 మే నెల మొదట్లో ఆ తప్పు కలపటం మానివేశారు. వెనువెంటనే, మే 3వ తేదీన, ఆ దేశంలోని ఆరెగాన్ రాష్ట్రంలో ఒకాయన ఒక బకెట్టులో కొన్ని వస్తువులు పెట్టి అడవిలో దాచాడు. ఆ చోటు అక్షాంశ రేఖాంశాలు మాత్రం లోకానికి ప్రకటించి, “చేతనైతే కనుక్కోండి” అన్నాడు. కొద్దిరోజులలోనే జనం దాన్ని కనుక్కున్నారు. చూశారా, పాఠ్యపుస్తకంలోని అక్షాంశ రేఖాంశాలు ఆటవస్తువులు అయిపోయినవి!

మేము ఈ ఆటను హైదరాబాదు పాతబస్తీలో ఆడాము. పొడుపు కథలు అల్లటం నా వంతు. వాటిని ఫోనులోకి ఎక్కించినది మా వీధిలో ఉండి కంప్యూటరు ఉద్యోగం చేసే ఒక అమ్మాయి. ఆడినవారు ఎనిమిదో తరగతి చదివే నా మనుమడూ, ఐదో తరగతి చదివే మనుమరాలూ, పొరుగింటి అబ్బాయీ. ఈ మూడోవాడి తండ్రికి ఈ ఏర్పాటు బొత్తిగా నచ్చలేదు.

“మాస్టారూ, వీడి చేత ఫోను మానిపించమని మీ దగ్గరకు పంపుతుంటే, మీరే చేతికిస్తానంటారేమిటి?” అన్నాడాయన.

“నువ్వు కూడా రా నాయనా. పిల్లలు ఫోనును ఎంతసేపు చూశారో, ఊరిని ఎంతసేపు చూశారో దగ్గరుండి లెక్క కట్టు,” అన్నాను. ఆయన ఒప్పుకున్నాడు.

బయలుదేరే ముందు మూడు కట్టుబాట్లు చేసుకున్నాము. అందరికీ కలిపి ఒకే ఫోను. నడిచేటప్పుడు అది జేబులో ఉండాలి. చూడవలసివస్తే దారి పక్కకు జరిగి, నిలబడి చూడాలి. మూడవది, తొందరగా వెళ్ళినందుకు మార్కులు లేవు.

ఒక ఆదివారం ఉదయం పది గంటలకు మొదటి పొడుపు కథ తెరిచాము.

“నాలుగు ముఖాలు, ఎనిమిది ముళ్ళు. ముళ్ళున్నా గుచ్చుకోవు, ముఖాలున్నా పలకరించవు. నాలుగు వందల ఏళ్ళ అవ్వ కట్టుకున్న కొత్త నగను. నేనెవరిని?”

ఇది తేలికైనదే. ముళ్ళున్నా గుచ్చుకోనిది గడియారం. నాలుగు వందల ఏళ్ళు దాటిన అవ్వ చార్మినార్. ఈ కట్టడాన్ని 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించాడు. హైదరాబాదు నగరానికి పునాది వేసినది కూడా ఆయనే. దాని నాలుగు వైపులా నాలుగు గడియారాలున్నవి. అవి 1889లో పెట్టినవి. అంటే కట్టడం పుట్టిన సుమారు మూడు వందల ఏళ్ళకు వచ్చినవన్నమాట. అందుకే వాటిని కొత్త నగ అన్నాను.

మేము అక్కడికి చేరగానే ఫోను ప్రశ్న అడిగింది: “కదలకుండా ఒక్కచోట నిలబడి నాలుగు గడియారాలలో ఎన్నింటిని చూడగలవు?”

“ఒకటే!” అన్నది మనుమరాలు, ఎదురుగా నిలబడి. ముగ్గురూ కలిసి కట్టడం చుట్టూ ఒక ప్రదక్షిణం చేశారు. మూల దగ్గరికి వచ్చేసరికి పొరుగింటి అబ్బాయి, “రెండు! ఇక్కడి నుంచి రెండు కనిపిస్తున్నాయి,” అని కేక వేశాడు. మూడు కనిపించే చోటు ఉన్నదేమోనని ఇంకా వెనక్కి, ఇంకా పక్కకు జరిగి చూశారు. లేదు. చతురస్రంగా ఉన్న కట్టడంలో ఎదురెదురు గోడలు రెండూ బయట నిలబడినవాడికి ఒకేసారి కనిపించవు. కనుక రెండుకు మించవు. లెక్కల పుస్తకంలో బొమ్మ గీసి ఈ సంగతి చెబితే ఆవలింతలు తీసేవాళ్ళు, చార్మినార్ చుట్టూ తిరిగి తమంతట తామే తేల్చుకున్నారు.

ఇక్కడ ఒక సందేహం మీకు రావాలి. మేము చార్మినార్ దగ్గరకు వచ్చామని ఫోనుకు ఎట్లా తెలిసింది? ఈ సందేహం నా మనుమడికి కూడా వచ్చింది.

మెరుపు మెరిసిన తరువాత ఉరుము వినబడటానికి కొంచెం సేపు పడుతుంది కదా! ఆ ఆలస్యాన్ని బట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పవచ్చు. ఫోను చేసే పని కూడా ఇటువంటిదే. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున జి.పి.ఎస్. ఉపగ్రహాలు తిరుగుతున్నవి. ఒక్కొక్క దానిలో మహా ఖచ్చితమైన గడియారాలున్నవి. వాటిని పరమాణు గడియారాలంటారు. “ఇప్పుడు నా గడియారంలో సమయం ఇంత, నేనున్న చోటు ఇది,” అని ప్రతి ఉపగ్రహమూ రేడియో తరంగాల ద్వారా చాటుతూ ఉంటుంది. రేడియో తరంగాలు సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు పోతాయి. నడినెత్తిన ఉన్న ఉపగ్రహం చాటిన మాట మనకు చేరటానికి సెకనులో పదిహేనవ వంతు పడుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టి ఫోను, ఏ ఉపగ్రహం ఎంత దూరంలో ఉన్నదో లెక్క కడుతుంది. చోటు తేల్చటానికి మూడు దూరాలు చాలును. కాని ఫోనులో ఉండే చౌక గడియారం అంత ఖచ్చితమైనది కాదు. దాని తప్పును సరిదిద్దటానికి నాలుగవ ఉపగ్రహం కావాలి. సెకనులో పదిలక్షల వంతు పొరపాటు వచ్చినా దూరంలో 300 మీటర్ల తేడా వస్తుంది. అప్పుడు చార్మినార్ ముందు నిలబడినవాడు ఏ బజారులోనో ఉన్నట్టు చూపిస్తుంది! మన దేశానికి కూడా నావిక్ అనే సొంత ఉపగ్రహాల ఏర్పాటు ఉన్నది.

“అయితే తాతయ్యా, గడియారాన్ని వెతకటానికి గడియారమే సాయం చేసిందన్నమాట,” అన్నాడు మనుమడు. నిజమే కదా!

రెండవ పొడుపు కథ ఇది: “చెట్టు మీద పుట్టాను, పురుగు చేత పెరిగాను. నిప్పుకు లొంగాను, చేతికి చుట్టుకున్నాను.”

దీనికి కొంత ఆలోచన కావలసివచ్చింది. పట్టు అన్నాడు ఒకడు. పట్టు నిప్పుకు లొంగదు, కాలిపోతుంది. చివరకు చేతికి చుట్టుకునేది గాజు అని మనుమరాలు పట్టుకున్నది. గాజులంటే చార్మినార్ నుంచి పడమరకు సాగే లాడ్ బజారు. ఇక్కడి లక్క గాజులు పేరుపడ్డవి. లక్కపురుగులు మోదుగ వంటి చెట్ల కొమ్మల మీద కాపురముండి, తమ ఒంటి నుంచి ఒక రకం జిగురును స్రవిస్తాయి. అదే లక్క. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. అంటే ఆ పేరు ఈ ప్రాంతపు పనితనానికే చెల్లుతుంది.

బజారులోకి కొంతదూరం నడిచాక ఫోను తికమకపడింది. పటం మీద మమ్మల్ని చూపే నీలపు చుక్క పక్క సందులోకి గెంతింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. ఒక దుకాణం కప్పు మీద నిలబడింది. పిల్లలు విరగబడి నవ్వారు. దీనికి కారణమున్నది. ఆరుబయట ఫోను మన చోటును ఐదారు మీటర్లలోపు తేడాతో చెప్పగలదు. ఇరుకు సందులలో ఆకాశం కొద్దిగానే కనబడుతుంది. ఉపగ్రహాల తరంగాలు తిన్నగా రాక, గోడలకు తగిలి, తిరిగి వచ్చి ఫోనుకు చేరుతాయి. చుట్టు తిరిగి వచ్చినందువల్ల ఆలస్యం ఎక్కువవుతుంది. ఫోను పాపం, దూరం ఎక్కువని అనుకుంటుంది.

ఇప్పుడేం చెయ్యాలి? చుక్క తేరుకునేదాకా నిలబడటమా? “నోరుంటే తలగాచును” అన్న మాట మన పెద్దలు ఊరికే అన్నారా! లక్కను వేడి చేసి గాజులు చేస్తున్న ఒక ముసలాయన దగ్గరకు మనుమరాలు వెళ్ళింది. ఫోను అడిగిన ప్రశ్న ఏమిటంటే: “గాజులో రాళ్ళు ఎప్పుడు పొదుగుతారు? వేడిగా ఉన్నప్పుడా, చల్లారిన తరువాతనా?”

“చాచా, ఈ రాళ్ళు ఎప్పుడు పెడతారు?” అని అడిగింది, బడిలో నేర్చిన హిందీలో. ఆయన నవ్వి తెలుగులోనే జవాబు చెప్పాడు. “వేడిగా ఉండగానే పెట్టాల బేటా. చల్లగైతే లక్క మాట వినదు.” మాట చెప్పి ఊరుకోక, ఒక గాజును నిప్పు సెగకు పట్టి, మెత్తబడగానే చకచకా రాళ్ళు అద్ది చూపించాడు. ఒక్కొక్క రాయి ఆవగింజకంటె కొంచెం పెద్దది. ఆ వేళ్ళు ఒక్కసారి కూడా తడబడలేదు. ముగ్గురు పిల్లలూ కాలుగంట సేపు అక్కడి నుంచి కదలలేదు. ఆ కాలుగంటా ఫోను మనుమడి జేబులోనే ఉన్నది. పొరుగింటి తండ్రి నా వంక చూశాడు కాని, ఏమీ అనలేదు.

లాడ్ బజారు దాటితే మహబూబ్ చౌక్. అక్కడి గడియార స్తంభాన్ని 1892లో ఆస్మాన్ జా అనే ప్రభువు కట్టించాడు. ఆ చౌకుకు ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరు వచ్చింది. చార్మినార్‌కు గడియారాలు వచ్చిన మూడేళ్ళకే ఇది లేచింది. ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని గడియారాలు ఎందుకని పిల్లలు అడిగారు. ఆ రోజులలో చేతిగడియారాలు అంతగా వాడుకలో లేవు. జేబు గడియారం కలవారి ఇళ్ళలోనే ఉండేది. కూలికి పోయేవాడూ, కొట్టు తెరిచేవాడూ, కచేరీకి పోయే గుమాస్తా అందరూ తలెత్తి స్తంభం వంక చూచి సమయం తెలుసుకునేవారు. ఊరంతటికీ ఒకే గడియారం! ఇప్పుడు ప్రతి జేబులోనూ ఒక గడియారమున్నది. అందుకే ఎవరూ తలెత్తి చూడరు.

అక్కడి నుంచి చౌమహల్లా ప్రాసాదానికి పోయాము. ఇది నిజాముల కొలువు. పద్దెనిమిదవ శతాబ్దంలో మొదలైన కట్టడం పంతొమ్మిదవ శతాబ్దంలో ముగిసింది. చాలాకాలం పాడుపడి ఉన్న ఈ ప్రాసాదాన్ని శ్రద్ధగా బాగుచేసినందుకు 2010లో యునెస్కో బహుమానం వచ్చింది. దర్బారు హాలులో పై కప్పు నుంచి వేలాడే స్ఫటికపు దీపగుచ్ఛాలను లెక్కపెట్టమన్నది ఫోను. ఒకడు పదిహేడన్నాడు. ఒకతె ఇరవై అన్నది. పెద్దాయన పద్దెనిమిదన్నాడు. మళ్ళీ ఒక మూల నుంచి, వరుసగా, ఒకరు వేలితో చూపిస్తుంటే ఒకరు లెక్కపెట్టారు. పంతొమ్మిది అని తేలింది. చూడటం వేరు, లెక్కతప్పకుండా చూడటం వేరు అని అందరికీ తెలిసివచ్చింది.

బయటికి వస్తూ పొరుగింటి అబ్బాయి ఒక వింత కనిపెట్టాడు. “మాస్టారూ, చార్ అంటే నాలుగు. చౌ అన్నా నాలుగే. చౌక్ అంటే నాలుగు దారులు కలిసే చోటు. గడియారాలు నాలుగు. ఉపగ్రహాలు కూడా నాలుగు కావాలన్నారు. ఈ ఊళ్ళో అన్నీ నాలుగేనా?”

“తరువాతి పొడుపు కథ విప్పి చూడు,” అన్నాను.

“గోడలు లేని ఇంటికి నాలుగు గుమ్మాలు. నట్టింట నీళ్ళ తొట్టి. ఒక గుమ్మానికి నీళ్ళలో ఈదేదాని పేరు.”

మళ్ళీ చార్మినార్ ముందుగా నడిచి ఉత్తరానికి పోతే, కొద్దిదూరంలో గుల్జార్ హౌజ్ వస్తుంది. హౌజ్ అంటే నీటి తొట్టి. దాని చుట్టూ నాలుగు దారులు. ఒక్కొక్క దారికి ఒక్కొక్క పెద్ద కమాను. వీటిని చార్ కమాన్ అంటారు. చార్మినార్ కట్టిన రోజులలోనివే ఇవి కూడా. దారికి అడ్డంగా నిలబడిన ఆ కమానుల కింద నుంచి వేలాది జనం రోజూ పోతూనే ఉంటారు. వాటి పేర్లు చెప్పమంటే ఎంతమంది చెప్పగలరు? ఫోను అడిగినది సరిగ్గా అదే. ఈసారి అడిగేపని మనుమడికి అప్పగించాము. ముత్యాల కొట్టులోని పెద్దమనిషి బయటికి వచ్చి, చేయి చాచి పేర్లు చెప్పాడు. వాటిలో ఒకటి మచిలీ కమాన్. మచిలీ అంటే చేప. “మచిలీపట్నంలో ఉన్న మచిలీయేనా?” అన్నది మనుమరాలు. భేష్ అన్నాను.

మధ్యాహ్నం భోజనం చేసి సాలార్ జంగ్ మ్యూజియానికి పోయాము. మూడవ సాలార్ జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్ పోగుచేసిన వస్తువులే ఇందులో ముఖ్యమైనవి. ఈ ప్రదర్శనశాల 1951లో తెరిచారు. 1968లో ఇప్పుడున్న కట్టడంలోకి మారింది. శుక్రవారం నాడు ఇదీ, చౌమహల్లా కూడా మూసి ఉంటాయి. ఎవరైనా పోదలిస్తే ఈ సంగతి మరచిపోకండి.

ఇక్కడి పొడుపు కథ: “గంటకొకసారి బయటికి వస్తాడు, పని కాగానే లోపలికి పోతాడు. జీతం లేదు, సెలవు లేదు.” ఈయన మ్యూజియంలోని సంగీత గడియారంలో ఉండే చిన్న బొమ్మ. ఇంగ్లండులో చేసిన భాగాలను కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీవారు కూర్చి ఈ గడియారాన్ని తయారుచేశారు. మూడు గంటలు కావస్తుండగా జనం గుమిగూడారు. అంతా ఊపిరి బిగపట్టి చూస్తున్నారు. తలుపు తెరుచుకుని బొమ్మ మనిషి బయటికి వచ్చాడు. ఠంగ్, ఠంగ్, ఠంగ్ అని మూడు దెబ్బలు కొట్టి లోపలికి పోయాడు. చంటిపిల్లలు మొదలుకొని ముసలివారి దాకా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లలో పొరుగింటి తండ్రివి కూడా ఉన్నవి.

ఇక మిగిలినది చివరి పొడుపు కథ.

“నాకు చేతులు వందలు, కాలు ఒక్కటే. అందరూ పరుగెత్తిన రోజున నేను కదలలేదు. కదలలేదు కనుకనే నూట యాభైమంది బతికారు.”

పిల్లలు తికమకపడ్డారు. చేతులు వందలు, కాలు ఒక్కటి అంటే చెట్టు అని మెల్లగా తేలింది. ఏ చెట్టు? ఫోను మూసీ నది అవతలి ఒడ్డును చూపించింది. నయాపూల్ మీదుగా నది దాటాము. నయాపూల్ అంటే కొత్త వంతెన. ఇది కూడా పంతొమ్మిదవ శతాబ్దం నాటిదే. నది వెంట పడమరకు పోతే పురానాపూల్, అంటే పాత వంతెన ఉన్నది. దాన్ని 1578లో కట్టారు. అంటే ఈ ఊరికంటె ఆ వంతెన పదమూడేళ్ళు పెద్దది.

వంతెన దాటితే అఫ్జల్ గంజ్. అక్కడ ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక ముసలి చింతచెట్టు ఉన్నది. అది రోగులుండే చోటు గనుక, గొంతులు తగ్గించి, కేకలూ పరుగులూ మాని వెళ్ళాలని పిల్లలకు ముందుగానే చెప్పాను. ఫోను ప్రశ్న అడిగింది: “నది ఎక్కడ ఉన్నది? ఈ చెట్టు కొమ్మలు ఎక్కడ ఉన్నవి? మధ్య ఎత్తు ఎంత ఉంటుందో కంటితో అంచనా కట్టు.”

మనుమడు నది వంక చూశాడు. తరువాత కొమ్మల వంక చూశాడు. మళ్ళీ నది వంక చూశాడు. “ఈ సన్నని కాలువ ఇంత పైకి వచ్చిందా తాతయ్యా?” అన్నాడు.

వచ్చింది. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ నదికి మహా ఉప్పెన లాంటి వరద వచ్చింది. వంతెనలు మునిగినవి. ఇళ్ళు వేలకు వేలు కూలిపోయినవి. సుమారు పదిహేను వేల మంది చనిపోయారని అంచనా. ఆ నాడు ఈ చింతచెట్టు ఎక్కి, కొమ్మలను కౌగిలించుకుని, సుమారు నూట యాభైమంది ప్రాణాలు దక్కించుకున్నారు. కింద ఊరు ఊరే కొట్టుకుపోతుంటే, కొమ్మ మీద కూర్చున్నవారు ఏమనుకుని ఉంటారో ఆలోచించండి. ఆ వరద తరువాత నిజాం ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించింది. ఊరికి ఎగువన జలాశయాలు కట్టి, వరద నీటిని పట్టి ఉంచాలని ఆయన సలహా చెప్పారు. ఆ ప్రకారం 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి. ఉస్మాన్‌సాగర్‌నే మనము గండిపేట చెరువు అంటాము. వరదను ఆపటానికి కట్టిన చెరువులు ఊరికి మంచినీళ్ళు కూడా ఇచ్చినవి.

పిల్లలు కొంతసేపు మాటలాడలేదు. మనుమరాలు చెట్టు బోదె మీద చేయి వేసి నిలబడింది. పొరుగింటి తండ్రి గొంతు సవరించుకుని, “ఇరవై ఏళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్నాను మాస్టారూ. మా నాన్నను ఈ ఆసుపత్రిలోనే చేర్చాము. నెలరోజులు ఇక్కడే తిరిగాను. ఈ చెట్టు నా కంటపడలేదు,” అన్నాడు.

“అప్పుడు నీ మనసులో వేరే దిగులున్నది నాయనా. చూడమని అడిగినవారు కూడా లేరు,” అన్నాను.

ఆ మాటలోనే ఈ ఆట కీలకం ఉన్నది. చెట్టు వందల ఏళ్ళుగా అక్కడే ఉన్నది. గడియారాలు అక్కడే ఉన్నవి. ప్రశ్న అడిగేవారు లేకపోతే కళ్ళు వాటి మీదుగా జారిపోతాయి. ఫోను మమ్మల్ని ప్రతి చోటికీ నాలుగడుగుల దూరం దాకా తీసుకుపోయింది. మిగిలిన ఆ నాలుగడుగులు మాత్రం మేమే నడవవలసివచ్చింది. చార్మినార్ మూలను కనుక్కున్నవి కాళ్ళు. గాజుల రహస్యం చెప్పినవాడు చాచా. మూసీ ఎత్తు కొలిచినవి కళ్ళు.

ఇంకొక సంగతి. 1908 నాటి వరద పాత కథ అని అనుకోకూడదు. 2020 అక్టోబరులో కురిసిన వానలకు హైదరాబాదులో ఎన్నో కాలనీలు నీట మునిగినవి; ఎందరో ప్రాణాలు పోగొట్టుకున్నారు. నది ఎంత ఎత్తుకు రాగలదో ఆ చింతచెట్టుకు తెలుసు. ఊళ్ళో ఉండేవారికి కూడా తెలిసి ఉండాలి. లేకపోతే నీళ్ళు పోయే దారిలో ఇళ్ళు కట్టుకుంటారు.

తల్లిదండ్రులకు రెండు మాటలు. ఇటువంటి ఆటకు పోయేటప్పుడు పెద్దవారొకరు తప్పక వెంట ఉండాలి. పటాన్ని ఇంటి దగ్గరే ఫోనులో దింపుకుని, ఛార్జింగు నిండుగా పెట్టుకోండి. ఉపగ్రహాల సంకేతం అందుకోవటానికి ఇంటర్నెట్టు అక్కరలేదు. పటం ముందే ఉంటే చాలును. ప్రార్థనా స్థలాలలోనూ, ఆసుపత్రులలోనూ ఆట ఆడవద్దు. చూచి, నమస్కరించి రండి. మనుషుల ఫోటోలు తీయదలిస్తే ముందు వారిని అడగండి. నడక నాలుగు కిలోమీటర్లకు మించకుండా చూడండి. చిన్నపిల్లల కాళ్ళు గుర్తుంచుకోండి.

పిల్లలూ! ఈ ఆటకు హైదరాబాదే కానక్కరలేదు. ఫోను కూడా ఉండి తీరాలని లేదు. కాగితపు చీటీలు చాలును. మీ ఊళ్ళో పాత బావి ఉండవచ్చు. గుడి స్తంభం మీద శాసనం ఉండవచ్చు. రైలు స్టేషను బోర్డు మీద, ఆ ఊరు సముద్రమట్టానికి ఎంత ఎత్తున ఉన్నదో రాసి ఉంటుంది. ఇటువంటివి ఆరు ఎంచుకోండి. ఒక్కొక్క దానికి ఒక పొడుపు కథ అల్లండి. అక్కడికి పోయి చూస్తేగాని జవాబు దొరకని ప్రశ్న ఒకటి రాయండి. పోయి చూడకుండానే జవాబు చెప్పగలిగితే, ఆ ప్రశ్న కొట్టివేసి మరొకటి రాయండి. ఒక్క ప్రశ్న మాత్రం, మీ వీధిలోని ముసలివారిని అడిగితేగాని తెలియనిది అయి ఉండాలి.

మొదటి ప్రశ్న నేనే ఇస్తాను. మీ ఊళ్ళో అందరికంటె ముసలి చెట్టు ఏది? అది ఏమేమి చూచింది?